ఎత్తుకు పైఎత్తు: చదరంగం ప్రోగ్రాము ఎక్కడ చూస్తుంది, ఎక్కడ చూడదు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో సాయంత్రం ఆరు దాటాక చదువు కాస్త పలచబడుతుంది. పొద్దుటి నుంచీ గ్రూప్స్ పుస్తకాల ముందు కూర్చున్నవాళ్లు బయటికొచ్చి టీ తాగుతారు. ఎవరో ఒకరు బ్యాగులోంచి రెక్సిన్ గుడ్డ బోర్డు తీసి గట్టు మీద పరుస్తారు. ఆమధ్య ఒక రోజు ఆట ముగిశాక, ఓడిన కుర్రాడు ఫోన్‌లో స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాము తెరిచి, తాను తప్పు చేశాననుకున్న స్థితిని గడి గడిగా పేర్చాడు. తెర మూల డెప్త్ 18 అని పడింది. తెల్లకు అర బంటు ఎక్కువని చూపించింది. అంకె 22 అయింది, 26 అయింది, బేరీజు మారలేదు. 30 దగ్గర మాత్రం ఒక్కసారిగా నల్ల వైపుకు తిరిగింది. కుర్రాడు నా వైపు చూసి, "అన్నా, ఇది 30 ఎత్తులు నిజంగా అన్నీ చూస్తదా? చూస్తే ముందుగాల ఎందుకు తెల్వలే?" అన్నాడు.

ఆ గట్టు మీద నేను సగమే చెప్పగలిగాను. ఆ ప్రశ్నలో 75 ఏళ్ల చరిత్ర ఉంది. ఆటలో ఎంత దూరం చూడాలి, ఏ దారులు చూడకుండా వదిలేయాలి, ఆగిన చోట స్థితిని ఎలా బేరీజు వేయాలి అన్న మూడు పనుల మధ్య సమయాన్ని పంచుకోవడమే చదరంగం ప్రోగ్రాము చేసే పనంతా. ఒకదానికి ఎక్కువిస్తే మిగతా రెండింటికీ కోత పడుతుంది. ఈ పంపకం ఎప్పుడెప్పుడు ఎలా మారిందో చూస్తే నాకొక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రోగ్రాములో ఎంత తెలివిడి పెట్టారన్న దానికన్నా దాన్ని ఏ చోట పెట్టారు, అది పొరబడితే దిద్దుకునే వీలుందా అన్నదే గెలుపోటములను తేల్చింది.

ముందు లెక్క చూద్దాం. ఆట మధ్యలో ఒక స్థితి నుంచి వేయదగ్గ ఎత్తులు సుమారు 35 ఉంటాయి. ప్రతి ఎత్తుకూ పైఎత్తులు మళ్లీ 35. అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం 8 ఎత్తుల దూరం అన్నీ చూడాలంటే రెండుంపావు లక్షల కోట్ల స్థితులు వస్తాయి. 1950లో అచ్చయిన వ్యాసంలో క్లాడ్ షానన్ ఇందుకు రెండు మార్గాలు చెప్పాడు. మొదటి రకం ప్రోగ్రాము ఏదీ వదలకుండా కొంత లోతు వరకూ అన్నీ చూస్తుంది. రెండో రకం, అనుభవం ఉన్న ఆటగాడిలా, పనికొచ్చేట్టున్న నాలుగైదు ఎత్తులే ఎంచుకుని వాటిని దూరం దాకా చూస్తుంది. షానన్ మొగ్గు రెండోదాని వైపే. మనిషి ఆడే తీరు అదే కదా. డచ్చి మనస్తత్వవేత్త ఆడ్రియాన్ డిగ్రూట్ పరిశోధనలో కూడా గ్రాండ్‌మాస్టర్లు మామూలు మంచి ఆటగాళ్లకన్నా మరీ ఎక్కువ దూరమేమీ చూడరని, ఏది చూడాలో వాళ్లకు ముందే తెలుస్తుందని తేలింది.

అయితే బోర్డు మీద జరిగింది వేరు. 1966-67లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గరున్న కోటోక్-మెకార్తీ ప్రోగ్రాముకూ మాస్కో ప్రోగ్రాముకూ తంతి మీద నాలుగు ఆటలు నడిచాయి. అమెరికా ప్రోగ్రాము రెండో రకం: మొదటి ఎత్తుకు నాలుగు దారులు, తర్వాత మూడు, తర్వాత రెండు, అలా తగ్గించుకుంటూ పోతుంది. మాస్కోది మొదటి రకం: తక్కువ దూరమే అయినా అన్నీ చూస్తుంది. 3-1తో మాస్కో గెలిచింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఎంపిక చేసే నియమం వందలో ఒక్కసారి మంచి ఎత్తును జాబితాలోంచి తోసేసినా, తర్వాత ఎంత లోతు వెళ్లినా దాన్ని తిరిగి పట్టుకోలేం. ఆ నష్టం ఆ ఆటకు శాశ్వతం. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో స్లేట్, ఆట్కిన్ కూడా మొదట్లో ఎంపిక ప్రోగ్రాములే రాశారు. తప్పు ఎక్కడ దొర్లుతోందో పట్టుకోవడం కష్టమై, 1973లో వాటిని పక్కన పెట్టి అన్నీ చూసే చెస్ 4.0 రాశారు. దాని వారసులే ఆ దశాబ్దంలో చాలావరకూ ముందున్నాయి. ప్రపంచ ఛాంపియన్ బోట్విన్నిక్ తన తెలివిడినంతా పయనీర్ అనే ప్రోగ్రాములో పెట్టాలని ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. అది ఒక్క పూర్తి ఆట కూడా ఆడలేదు.

అన్నీ చూడటం అంటే నిజంగా అన్నీ చూడటం కూడా కాదు. ఇక్కడే ఆల్ఫా-బీటా అనే కత్తిరింపు వస్తుంది. అశోక్‌నగర్‌లో గది వెతికిన వాళ్లెవరికైనా ఇది తెలిసిన పనే. మొదట చూసిన గది ఫర్వాలేదు, అద్దె కుదిరింది అనుకుందాం. రెండో ఇంటికి వెళ్తే ఓనర్ మొదటి మాటగానే ఎండాకాలం నీళ్లు రావన్నాడు. ఇంక ఆ గదిలో కిటికీ ఉందా, రాత్రి పదికి గేటు వేస్తారా అని అడగక్కర్లేదు. మొదటి గదికన్నా ఇది తక్కువని తేలిపోయింది, ఎంత తక్కువో తెలుసుకుని చేసేదేమీ లేదు. చదరంగంలోనూ అంతే. నేనొక ఎత్తు వేస్తే ఎదుటివాడికి ఒక్క గట్టి పైఎత్తు దొరికిందంటే, దానికి మిగతా 34 పైఎత్తులు ఏమిటో చూసే పని లేదు. ఇలా నరికేసినందువల్ల జవాబు ఏమాత్రం మారదు, సమయమే మిగులుతుంది. 1975లో క్నూత్, మూర్ దీన్ని గణితంతో విప్పి చెప్పారు. ప్రతి చోటా మంచి ఎత్తునే ముందు చూడగలిగితే, పైన చెప్పిన రెండుంపావు లక్షల కోట్ల స్థితులు 30 లక్షలకు దిగుతాయి. అంటే అదే సమయంలో రెట్టింపు దూరం.

కానీ మంచి ఎత్తును ముందు చూడాలంటే ఏది మంచిదో కొంతైనా తెలియాలి. ఆటగాడి తెలివిడి ఇక్కడ మరో ద్వారం గుండా లోపలికి వచ్చింది. ముందు చంపే ఎత్తులు చూడు, పక్క కొమ్మలో పనిచేసిన పైఎత్తును ఇక్కడా ముందు ప్రయత్నించు లాంటి చిన్న చిన్న సూచనలు ఇవి. తప్పయితే? కాస్త సమయం పోతుంది, అంతే. మంచి ఎత్తు జాబితాలో చివర ఉంటుంది గానీ బయటికి పోదు. కోటోక్ ప్రోగ్రాములో పెట్టిన తెలివిడికీ దీనికీ ఉన్న తేడా ఇదే.

ఈ కథలో మనవాడొకరున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో అదే మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ చేసిన రాజ్ రెడ్డి. 1969 నుంచి ఆయన కార్నెగీ మెలన్‌లో ఉన్నారు. ఆయన పని చదరంగం కాదు, మాట. మనిషి మాట్లాడితే యంత్రం అర్థం చేసుకోవాలి. 1970ల మొదట్లో ఆయన బృందం కట్టిన హియర్సే అనే వ్యవస్థను పరీక్షించడానికి ఎంచుకున్నది మాత్రం చదరంగమే. మనిషి నోటితో ఎత్తు చెబుతాడు, యంత్రం విని బోర్డు మీద ఆడాలి. చెవికి అందిన శబ్దం సగం సగంగా ఉంటుంది, గుర్రమన్నాడో మరేమన్నాడో తేలదు. అప్పుడు జేమ్స్ గిల్లోగ్లీ రాసిన టెక్ అనే చదరంగం ప్రోగ్రామును పిలుస్తారు. ఆ స్థితిలో వేయదగ్గ ఎత్తులేమిటి, వాటిలో ఏవి వేసే అవకాశం ఎక్కువ అన్నది అది వరస కట్టి ఇస్తుంది. ఆ వరసను బట్టి యంత్రం తాను విన్నదేమిటో తేల్చుకుంటుంది. సాధారణంగా గాలింపుకు, అంటే దారులు వెతకడానికి, తెలివిడి సాయం చేస్తుందంటాం. ఇక్కడ చదరంగం గాలింపే చెవికి తెలివిడిగా పనికొచ్చింది. ఈ ఉదాహరణ చదివిన ప్రతిసారీ నాకు సంతోషమే.

అక్కడే 1976లో బ్రూస్ లోవెర్ రాసిన హార్పీ 1,011 మాటలను గుర్తుపట్టింది. అది వాడిన పద్ధతికి బీమ్ సెర్చ్ అన్న పేరు పెట్టింది రాజ్ రెడ్డే. ప్రతి అడుగులోనూ అన్నిటికన్నా ముందున్న దారికి దగ్గరగా ఉన్నవాటిని ఉంచుకుని, బాగా వెనకబడ్డవాటిని వదిలేస్తారు. వదిలిన దారిని మళ్లీ తిరిగి చూడరు. చదరంగంలో ఓడిన పద్ధతి మాటలో ఎందుకు గెలిచింది? నాకు తోచింది ఇది. మాటలో పోటీపడే దారులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, కాసినిని ఉంచుకుంటే సరైనది వాటిలో ఉండే అవకాశం ఎక్కువ. పైగా అడ్డుపడే ప్రత్యర్థి లేడు. చదరంగంలో మీరు వదిలేసిన ఒక్క ఎత్తునే వెతికి పట్టుకుని మీ మీద వేయడానికి ఎదురుగా ఒకడు కూర్చుని ఉంటాడు.

కార్నెగీ మెలన్‌లో చదరంగం పని కూడా గట్టిగానే జరిగింది. ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ అయిన హాన్స్ బెర్లినర్ అక్కడే ఉండేవాడు. లోతు చాలని ప్రోగ్రాము తప్పదనుకున్న నష్టాన్ని అనవసరపు చెక్కులతో తన చూపు దాటేలా వెనక్కి నెట్టి, గండం గడిచిందనుకునే జబ్బుకు హొరైజన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టింది ఆయనే. మొదట తెలివిడి పక్షాన గట్టిగా నిలబడ్డ ఆయనే తర్వాత గడికొకటి చొప్పున 64 చిప్పులతో హైటెక్ యంత్రం కట్టించాడు. ఆ యూనివర్సిటీలోనే ఫెంగ్-శుంగ్ శు, థామస్ అనంతరామన్, మరే క్యాంప్‌బెల్ కలిసి డీప్ థాట్ కట్టారు. ఒక స్థితిలో ఒకే ఒక్క ఎత్తు మిగతా అన్నిటికన్నా చాలా మెరుగైతే ఆ దారిని ఇంకా లోతుగా చూడాలన్నది వాళ్ల ముఖ్యమైన ఆలోచన. ఇది కత్తిరింపుకు ఎదురు దిశ: ప్రమాదం ఉన్న చోట లోతు పెంచడం. 1988లో డీప్ థాట్ గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సన్‌ను ఓడించింది. ఆ జట్టు ఐబీఎంకు వెళ్లి కట్టిన డీప్ బ్లూ 1997 మేలో కాస్పరోవ్‌ను 3.5-2.5తో ఓడించి, కార్నెగీ మెలన్ నిర్వహించిన ఫ్రెడ్కిన్ బహుమతి లక్ష డాలర్లు అందుకుంది.

డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. అందుకని అది ఉత్త బండబలం అన్నారు చాలామంది. ఆ మాట సగమే నిజం. రెండో ఆట చూడండి. 36వ ఎత్తు దగ్గర మంత్రితో చొరబడి బంట్లు తినే దారి దానికి తెరిచే ఉంది. అది తినలేదు. ముందు బంటుతో బంటును మార్చి, ఆ తర్వాతి ఎత్తులో శకటును బోర్డు మధ్యకు తెచ్చి కాస్పరోవ్ ఎదురుదాడికి తలుపు మూసింది. ఇది మనిషి వేసిన ఎత్తేమోనని కాస్పరోవ్ అనుమానపడ్డాడు. గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్ సాయంతో దిద్దిన బేరీజు చిప్పుల్లో ఉండబట్టే అది సాధ్యమైంది. అదే ఆటలో కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్న చివరి స్థితిలో ఎడతెగని చెక్కులతో డ్రా ఉందని తర్వాత తేలింది. యంత్రమూ దాన్ని చూడలేదు. బేరీజు బలం, లోతు కొరత రెండూ ఒకే ఆటలో కనిపిస్తాయి.

ఇప్పుడు కుర్రాడి ప్రశ్నలో రెండో సగానికి వస్తాను. ఈ కాలపు ప్రోగ్రాములు ఆల్ఫా-బీటాతో ఆగవు, జవాబు మారే ప్రమాదం ఉన్న కత్తిరింపులు కూడా చేస్తాయి. వాటిలో అందమైనది నల్ మూవ్. నా వంతు వదిలేసి, ఎదుటివాడికి వరసగా రెండు ఎత్తులిచ్చినా నా స్థితి బాగానే ఉందంటే, నిజంగా ఎత్తు వేస్తే ఇంకా బాగుంటుంది, కాబట్టి ఈ కొమ్మను లోతుగా చూడనక్కర్లేదు అన్న ఊహ. నూటికి తొంభై తొమ్మిది చోట్ల సరిపోతుంది. సరిపోని చోటు ఆ గట్టు మీద పరిచి చూపించాను. తెల్ల రాజు డీ6లో, తెల్ల బంటు ఈ7లో, నల్ల రాజు ఈ8లో. ఇంకేమీ లేవు. నల్ల వంతు అయితే రాజుకు ఎఫ్7 ఒక్కటే గడి. అక్కడికి పోగానే తెల్ల రాజు డీ7కు వచ్చి బంటును మంత్రిని చేస్తుంది. తెల్ల వంతు అయితే బంటును వదులుకోవాలి, లేదా రాజును ఈ6లో పెట్టి నల్లకు కదలిక లేకుండా చేయాలి. ఏదైనా డ్రాయే. అంటే వంతు వదిలేయగలిగితే నల్లకు హాయి, కానీ ఆటలో వదిలేయడం కుదరదు. నల్ మూవ్‌ను నమ్మిన ప్రోగ్రాము ఇక్కడ నల్ల నిక్షేపంగా ఉందనుకుంటుంది. అందుకే రాజులు, బంట్లు మాత్రమే మిగిలినప్పుడు ఆ కత్తిరింపును ఆపేస్తారు. కుర్రాడు పావులు అటూ ఇటూ జరిపి రెండుసార్లు ఆడి చూసుకుని తలూపాడు.

రెండో రకం ప్రమాదకరమైన కత్తిరింపు వరసలో వెనకున్న ఎత్తులను తక్కువ లోతుతో చూడటం. మొదటి మూడు నాలుగు ఎత్తులను పూర్తిగా చూస్తారు, 20వ ఎత్తును సగం లోతుకే చూస్తారు. అలా చూసినప్పుడు అది అనుకున్నదానికన్నా బాగుందనిపిస్తే వెనక్కి వెళ్లి పూర్తి లోతులో మళ్లీ చూస్తారు. తెర మీది డెప్త్ 30 అన్న అంకెకు అర్థం ఇది: ముఖ్యమైన దారి 30 దాకా, దాని లోపల బలవంతపు ఎత్తులున్న చోట ఇంకా ఎక్కువ, పక్కదారులు చాలా తక్కువ. కుర్రాడి ఆటలో నల్లకు దొరికిన జవాబు వరస చివర్లో ఉన్న నెమ్మది ఎత్తు. డెప్త్ 18 దగ్గర దాన్ని ఏ ఏడెనిమిది ఎత్తుల లోతుకో చూసి ఉంటుంది. అంకె 30కి చేరితే గానీ ఆ కొమ్మకు కావలసినంత లోతు అందలేదు. ముందే ఎందుకు తెలియలేదంటే ముందే అక్కడ సరిగా చూడలేదు కాబట్టి. మరి ఈ ఎంపిక కోటోక్ ఎంపికలా ఎందుకు కొంప ముంచదు? ఇందులో ఏ ఎత్తూ పూర్తిగా బయటికి పోదు. ఈసారి తప్పినది లోతు పెరిగాక దొరుకుతుంది. షానన్ ఇష్టపడ్డ రెండో రకం తిరిగి వచ్చింది, కాకపోతే తప్పు దిద్దుకునే వెసులుబాటుతో వచ్చింది.

బేరీజు సంగతి. లోతు ఎంతున్నా అందని తెలివిడి కొంత ఉంటుంది. ఏ-ఫైలులో (అంచు నిలువు వరసలో) తెల్ల బంటు ఉండి, ఏ8 గడి రంగుకు చెందని శకటు తోడుంటే, నల్ల రాజు ఆ మూలకు చేరిన తర్వాత ఆట డ్రా. శకటూ బంటూ ఎక్కువున్నా గెలవలేం. గట్టు మీద ఆడే పెద్దాయనొకరికి ఇది కంఠోపాఠం, 20 ఎత్తుల ముందే ఆ మూలకు రాజును నడిపిస్తారు. ఈ ఒక్క వాక్యం లేని పాత ప్రోగ్రాములు నాలుగు బంట్ల ఆధిక్యం అనుకుని ఆనందంగా ఆ స్థితిలోకి దిగేవి. లోతుతో కనిపెట్టాలంటే పదుల ఎత్తులు కావాలి, తెలివిడితో అయితే ఒక్క చూపు. కానీ ఇలాంటి వాక్యాలు వందల కొద్దీ చేర్చితే ప్రతి స్థితిని కొలవడానికి సమయం పట్టి లోతు తగ్గుతుంది. అందుకే స్టాక్‌ఫిష్ వాళ్లు 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటులో, స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్ల మీద ప్రతి మార్పునూ వేల వేల ఆటలాడించి, గెలుపు పెరిగితేనే ఉంచుతారు. ఎంత పెద్ద ఆటగాడు చెప్పిన సూత్రమైనా అక్కడ పరీక్ష రాయాల్సిందే.

2017 డిసెంబర్‌లో డీప్‌మైండ్ వారి ఆల్ఫాజీరో పాత పంపకాన్ని తలకిందులు చేసింది. సెకనుకు 80 వేల స్థితులే చూస్తూ, 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌తో 100 ఆటల్లో 28 గెలిచి 72 డ్రా చేసింది. తనతో తానే ఆడుకుని నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్ ఏ దారి చూడాలో, ఆగిన చోట విలువెంతో చెప్పింది. ఆ బాటలో వచ్చిన లీలా అనే ప్రోగ్రాము 2019లో చదరంగం ప్రోగ్రాముల టీసెక్ పోటీ ఫైనల్లో స్టాక్‌ఫిష్‌ను ఓడించింది. దాంతో గాలింపు రోజులు అయిపోయాయనుకున్నారు. కాలేదు. జపాన్ చదరంగమైన షోగీ కోసం యు నాసు 2018లో తయారుచేసిన ఎన్ఎన్‌యూఈ అనే చిన్న నెట్‌వర్క్ 2020 సెప్టెంబర్‌లో స్టాక్‌ఫిష్ 12లోకి వచ్చింది. దాని కీలకం వేగం. గుర్రం ఒక గడి నుంచి మరో గడికి దూకితే బోర్డులో మారేది ఆ రెండు గడులే, కాబట్టి మొత్తం లెక్క మళ్లీ చేయకుండా ఆ తేడానే కలిపి తీసేస్తారు. మామూలు ప్రాసెసర్ మీదే కోట్ల స్థితులకు సరిపడే వేగం. 2023లో మనుషులు చేత్తో రాసిన బేరీజునంతా స్టాక్‌ఫిష్ తీసేసింది. 2024లో డీప్‌మైండ్ వాళ్లే అసలు గాలింపు లేకుండా ఒక్క చూపుతో గ్రాండ్‌మాస్టర్ స్థాయిలో ఆడే నెట్‌వర్క్ చూపించారు. అయితే అది నేర్చుకున్నది కోటి ఆటల మీద స్టాక్‌ఫిష్ వేసిన బేరీజుల నుంచి. అంటే ఎవరో ముందు చేసి పెట్టిన గాలింపే అందులో తెలివిడిగా గడ్డకట్టింది.

మన ఆటగాళ్లకు ఇదంతా రోజువారీ పనిముట్టు. వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్ రేటింగ్‌లో 2800 దాటాడు. అదే నెల సింగపూర్‌లో, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు అతని జట్టులో గుంటూరు పెంటల హరికృష్ణ ఉన్నాడు. ఏ స్థితికైనా ఇంజన్ అంకె చెబుతుంది. ఆ అంకె వెనకున్న దారుల్లో మనిషి బోర్డు ముందు గుర్తుపెట్టుకుని ఆడగలిగినవి ఏవో తేల్చడం అలాంటి సహాయకుల పని. ఆ పోటీ చివరి ఆటలో గుకేశ్ ప్రత్యర్థి డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కు జరపగానే ఏనుగులు, శకట్లు మారిపోయి ఓడిపోయే బంట్ల ముగింపు వచ్చింది. ఫోన్ ఇంజన్‌కు అది రెప్పపాటు. గంటల తరబడి కూర్చున్న మనిషికి అది దాటిపోయింది.

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకోబోతుంటే పెద్దాయన ఆగమని, బోర్డు మీద బంట్లను ఎదురెదురుగా ఇరికించి ఒక కోట కట్టారు. రెండు వైపులా బంట్లు కదలవు, దారులన్నీ మూసుకున్నాయి, తెల్లకు ఒక ఏనుగు ఎక్కువ. ఎటు నుంచీ లోపలికి చొరబడే సందు లేదని చూడగానే తెలుస్తోంది. కుర్రాడు ఆ స్థితిని ఫోన్‌లో పెట్టాడు. డెప్త్ 20, తెల్లకు నాలుగు బంట్ల పైగా ఆధిక్యం. డెప్త్ 30, అదే అంకె. డెప్త్ 38, అదే అంకె. ఏనుగు ఒక గడి నుంచి పక్క గడికి, మళ్లీ వెనక్కి. లైబ్రరీ గేటు వేసే వేళయింది. అంకె అలాగే ఉంది.